పగుళ్లిచ్చిన బాయిలర్లతో యుద్ధానికి

1971 పాకిస్తాన్ యుద్ధంలో మన విమానవాహక నౌక విక్రాంత్ పేరెత్తితే అందరికీ సీహాక్ విమానాలే గుర్తొస్తాయి. డెక్ కింద, బాయిలర్ రూములో వాచ్ కాసిన స్టోకర్ల (బాయిలర్లు చూసుకునే నావికుల) సంగతి అడిగేవాళ్లు తక్కువ. నన్నడిగితే ఆ ఓడ సగం యుద్ధం అక్కడే చేసింది.

అసలు దాని పుట్టుకే ఆలస్యం. రెండో ప్రపంచ యుద్ధం కోసం బ్రిటన్ 1943లో ‘హెర్క్యులీస్’ పేరుతో పని మొదలుపెట్టింది. 1945 సెప్టెంబరులో నీళ్లలోకి దించేసరికి యుద్ధమే అయిపోయింది. అలా సగంలో ఆగిపోయిన ఓడను 1957లో మనవాళ్లు కొని, బెల్‌ఫాస్ట్‌లో పూర్తిచేయించి, 1961 మార్చి 4న నౌకాదళంలో చేర్చుకున్నారు. 1965 యుద్ధమప్పుడు అది మరమ్మతుల్లో ఉంది. 1971లోనూ అదే గతి పట్టేదే. 1970 జూన్ నాటికి బాయిలర్ల వాటర్ డ్రమ్ములు (నీళ్లుండే పెద్ద ఉక్కు గొట్టాలు) పగుళ్లిచ్చాయని తేలింది. వెల్డింగుతో అతికేవి కావు, కొత్తవి బ్రిటన్ నుంచి రావాలి.

ఆ ఓడకు ఆవిరే ఊపిరి. ప్రొపెల్లర్లు తిరగాలన్నా, విమానాన్ని వడిసెల రాయిలా విసిరే కాటపుల్ట్ పనిచేయాలన్నా ఆవిరి కావాలి. పైగా విమానం లేచేటప్పుడు ఓడ గాలికి ఎదురు పరుగెత్తాలి. కింద స్టోకర్ కన్ను బాయిలర్‌లో నీళ్లెంత ఉన్నాయో చూపే గేజ్ గ్లాసు మీంచి కదలకూడదు. అందులో నీటిమట్టం పడిపోతే ట్యూబులు కాలిపోతాయి. మరీ పెరిగితే ఆవిరితోపాటు నీళ్లూ పోయి టర్బైన్ పాడవుతుంది. బాయిలర్ బాగున్నప్పుడే ఇంత కాపలా. ఇక పగిలిన డ్రమ్ము పక్కన నిలబడి ఆ పని చేయడమంటే!

చివరికి ఆవిరి పీడనం తగ్గించి, వేగాన్ని 14 నాట్లకు (నాట్ అంటే గంటకు దాదాపు 1.85 కిలోమీటర్లు) కట్టేశారు. బాగున్న రోజుల్లో 24 నాట్లు దాటిన ఓడ అది.

దాన్ని వేటాడటానికే పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ దాకా వచ్చింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ చేరింది. విశాఖ దగ్గర పాత డిస్ట్రాయర్ తరహా యుద్ధనౌక రాజ్‌పుత్ విక్రాంత్‌లా నటిస్తూ వైర్‌లెస్ సందేశాలు పంపింది. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక ఘాజీ విశాఖ తీరంలోనే మునిగింది. ఎలా మునిగిందన్న వాదన ఇప్పటికీ తెగలేదు. 4న విక్రాంత్ విమానాలు అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని (నేటి బంగ్లాదేశ్) కాక్స్ బజార్, చిట్టగాంగ్‌ల మీద దాడికి దిగాయి.

1997లో ఓడకు విశ్రాంతినిచ్చారు, 2014లో తుక్కుకు అమ్మారు. 2022లో కొచ్చిలో చేరిన కొత్త విక్రాంత్ గ్యాస్ టర్బైన్లతో నడుస్తుంది. దాని డెక్ ముందుభాగం పైకి వంగి ఉంటుంది. ఆ వంపు మీదుగా విమానం లేవడానికి ఆవిరితో పనిలేదు.