మాతమ్మ మొక్కు: తాళి దగ్గర ఆగిన చట్టం

బిడ్డకు జ్వరం తగ్గదు. ఆస్పత్రి దూరం, చేతిలో డబ్బు ఉండదు. బిడ్డ బతికితే నీకే వదిలేస్తామని మాతమ్మకు మొక్కుకుంటారు. పుత్తూరు, నగరి, శ్రీకాళహస్తి, సత్యవేడు వైపు మాదిగవాడల్లో చాలామంది ఆడపిల్లల కథ ఇలాగే మొదలైంది. మొక్కు తీర్చే నాడు అమ్మవారి పేరిట తాళి పడుతుంది. ఇక ఆ పిల్లకు పెళ్లి లేదు, పెద్దయ్యాక జాతరల్లో ఆడాలి. ఆమెను కూడా ఊరు మాతమ్మ అనే పిలుస్తుంది. దేవత పేరే ఇచ్చారు గానీ, దేవతకిచ్చే మర్యాద మాత్రం ఇవ్వలేదు.

చిత్తూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడే, 1947లో, దేవదాసీ నిషేధ చట్టం వచ్చింది. దాని వెనుక ముత్తులక్ష్మీరెడ్డి ఏళ్ల తరబడి చేసిన పోరాటం ఉంది. అయితే అప్పటి చర్చంతా పెద్ద గుళ్లలో నాట్యం చేసే స్త్రీల చుట్టూనే తిరిగింది. వాడ చివరి మాతమ్మ గుడి దాకా ఎవరి చూపూ రాలేదనే అనిపిస్తుంది. ఆ తర్వాత నిజామాబాద్ జిల్లాలో జాషువా కుమార్తె హేమలతా లవణం జోగినుల మధ్య, అంటే అక్కడ ఇలాగే దేవతకు వదిలేసిన ఆడవాళ్ల మధ్య, పనిచేశారు. 1988లో ఆంధ్రప్రదేశ్ చేసిన చట్టంలో జోగినితో పాటు మాతమ్మ పేరు కూడా చేరింది.

అయినా 2017లో జాతీయ మానవ హక్కుల కమిషన్ ఇదే ఆచారంపై ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ప్రభుత్వాలకు నోటీసులు పంపాల్సి వచ్చింది. ఇక్కడ చిత్తూరు, సరిహద్దుకు అవతల తిరువళ్లూరు.

చట్టం తాళి కట్టడాన్ని నేరమంది, బాగానే ఉంది. కానీ గుట్టుగా జరిగే మొక్కుకు సాక్ష్యం చెప్పేదెవరు? కన్నవాళ్లే కట్టించినప్పుడు ఫిర్యాదు ఇచ్చేదెవరు? తాళి పడిపోయిన పిల్ల బతుకుతెరువు మాటేమిటి? ఆడపిల్లల కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థలకు అసలు పని మొదలయ్యేది ఇక్కడే. మాతమ్మల కూతుళ్లను బడిలో వేయించాలి, హాస్టల్లో సీటు చూడాలి. 2004లో మొదలైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు ఇందుకు కొంత ఆసరా అయ్యాయి.

చిక్కంతా బడి రిజిస్టరులో 'తండ్రి పేరు' అన్న గడి దగ్గర. ఖాళీగా వదిలితే తోటి పిల్లల నవ్వులు, ఏదో ఒక పేరు రాస్తే తర్వాత కుల ధ్రువపత్రానికి తంటా. పెళ్లి కాని తల్లి అఫిడవిట్ ఇస్తే చాలు, జనన ధ్రువపత్రం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2015లోనే చెప్పింది. ఆ మాట ఢిల్లీలో పలికినంత తేలిగ్గా మండల కార్యాలయం కౌంటరు దగ్గర పలకదు. అందుకే సంస్థల కార్యకర్తలు తల్లికి తోడుగా వెళ్లి అక్కడే నిలబడాల్సి వస్తుంది.