కాయిల్ నింపని జాగా: ఆకృతి మార్చుకునే ఫోమ్ వివాదం వెనుక కథ

మెదడు రక్తనాళం గోడ బలహీనపడి బుడగలా ఉబ్బే ఎన్యూరిజంను, ఆ రోగి స్కాన్‌ను బట్టి మలచిన పాలిమర్ ఫోమ్‌తో లోపలి నుంచే పూడ్చవచ్చన్న వాదన మళ్లీ చర్చకు వచ్చింది. ఇలాంటి సందర్భాల్లో పుర్రె తెరిచి ఉబ్బు మెడకు క్లిప్ వేయడమా, కెథెటర్ (రక్తనాళంలోకి పంపే సన్నని గొట్టం) ద్వారా లోపల ప్లాటినం తీగ కాయిల్ చుట్టడమా అన్న పాత తగువుతో కథ మొదలుపెట్టడం ఆనవాయితీ. ఆ తగువు ఈ రెంటినీ పోలుస్తూ 2,143 మంది రోగులపై జరిగిన ఐశాట్ ట్రయల్ (వైద్య ప్రయోగం) ఫలితాలతో 2002లోనే చాలావరకు కాయిల్ వైపు మొగ్గింది. నేటి వివాదానికి బీజం పడింది మాత్రం ఆ మరుసటి ఏడాది.

కాయిల్ వేసిన రోగులను ఏళ్ల తరబడి గమనించిన మాంట్రియల్ వైద్యులు, సుమారు మూడో వంతు ఎన్యూరిజంలలోకి రక్తం మళ్లీ చేరుతోందని 2003లో ప్రకటించారు. ఎంత నేర్పుగా చుట్టినా తీగ ఆ ఉబ్బిన సంచిలో పావు నుంచి మూడో వంతు వరకే ఆక్రమిస్తుంది. మిగిలినదంతా గడ్డకట్టిన రక్తమే కాబట్టి, ప్రవాహం తాకిడికి కాయిల్ అణిగిపోతే సంచి మెడ దగ్గర మళ్లీ చోటు ఏర్పడుతుంది. ఆ జాగాను ఎలాగైనా నింపాలన్న పట్టుదలే అప్పటి నుంచి ఈ రంగాన్ని నడిపిస్తోంది.

మొదట వచ్చిన జవాబు, తడి తగిలితే ఉబ్బే హైడ్రోజెల్ పూసిన కాయిల్. దాన్ని 499 మందిపై పరీక్షించిన హెల్ప్స్ ట్రయల్ ఫలితాలు 2011లో వచ్చినప్పుడు, యాంజియోగ్రామ్‌లో (రక్తనాళాల ఎక్స్‌రే చిత్రంలో) కనిపించే పెద్ద పునరావృతులు, అంటే సంచిలోకి రక్తం మళ్లీ చేరడాలు, 8.6 శాతం పాయింట్లు తగ్గినా, చిత్రంలోని ఫలితాన్నీ రోగి ఆరోగ్య ఫలితాన్నీ కలిపి లెక్కించిన ప్రధాన ఫలితంలో తేడా గణాంకపరంగా నిలబడలేదు. చిత్రంలో సంచి నిండుగా కనిపించడం వేరు, రోగి బాగుపడటం వేరు అన్న సంగతి అక్కడ తేటతెల్లమైంది. తర్వాతి తరం హైడ్రోజెల్‌తో 600 మందిపై జరిగిన హీట్ ట్రయల్‌లో పునరావృతి గణనీయంగా తగ్గిందని ఫోమ్ సమర్థకులు గుర్తుచేస్తారు. అది నిజమే, కానీ అక్కడా ప్రధానంగా కొలిచింది చిత్రంలో కనిపించే పునరావృతినే.

ఫోమ్ కథ నిజానికి అంతకు ముందే మొదలైంది. అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలోనూ, ఆ తర్వాత టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలోనూ డంకన్ మెయిట్‌లాండ్ బృందం, నొక్కి సన్నగా చేసి కెథెటర్‌లో పంపితే లోపల తన అసలు ఆకృతికి విచ్చుకునే పాలీయురేథేన్ ఫోమ్‌పై పనిచేసింది. పందుల్లో శస్త్రచికిత్సతో సృష్టించిన ఎన్యూరిజంలలో 90 రోజుల తర్వాత ఆ ఫోమ్ లోపల కణజాలం పెరిగినట్టు 2014లో తెలిపింది. ఓక్లహోమా విశ్వవిద్యాలయ పరిశోధకులు మరో అడుగు వేసి, రోగి స్కాన్ నుంచి సంచి ఆకారాన్ని తీసుకుని దానికి సరిపడే ఫోమ్‌ను తయారుచేసి, కార్బన్ నానోట్యూబుల (విద్యుత్తును మోసే అతిసూక్ష్మ కార్బన్ గొట్టాల) సాయంతో విద్యుత్తు పంపి వేడిచేసి విప్పే పద్ధతిని ప్రయోగశాల నమూనాల్లో చూపారు. ‘వ్యక్తిగత చికిత్స’ అన్న పేరు ఈ దారిలోనిదే.

వైద్యుల అనుమానాలు ఇక్కడే మొదలవుతాయి. ఎన్యూరిజం పగిలాక మళ్లీ రక్తస్రావం అయ్యే ముప్పు తొలి 24 గంటల్లోనే ఎక్కువ. స్కాన్ తీసి, నమూనా గీసి, ఫోమ్ మలిచి, శుద్ధిచేసి తెచ్చేదాకా ఆ రోగి ఆగలేడు. అందువల్ల ఈ పద్ధతికి సహజంగా మిగిలేది పగలని ఎన్యూరిజంలే. వాటిపైనా 2003లోనే లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన అంతర్జాతీయ అధ్యయనం, అంతకుముందు రక్తస్రావం కాని వారిలో, మెదడు ముందు భాగపు నాళాలపై ఉన్న 7 మిల్లీమీటర్ల లోపు ఎన్యూరిజంలు ఐదేళ్లలో ఒక్కటీ పగలలేదని చెప్పింది. అంత తక్కువ ముప్పున్న మనిషి మెదడులో వేడిచేసి విప్పే వస్తువును పెట్టాలంటే, దాని ముక్క విరిగి ముందుకు కొట్టుకుపోదనీ, ఆ వేడి నాళం గోడను దెబ్బతీయదనీ ముందుగా మనుషుల్లోనే రుజువు కావాలి. అందుకు కాయిల్‌తో నేరుగా పోల్చే ట్రయల్ జరగాలని వైద్యులు అడుగుతున్నారు.