దక్షిణ అమెరికాకి బొజ్జ

చిరంజీవులు బుజ్జికి, కన్నకి తాతయ్య దీవెనలు.

నేను పంపిన పాత ప్రపంచ పటం ఫోటో చూసి "ఇదేంటి తాతయ్యా, దక్షిణ అమెరికాకి బొజ్జొచ్చింది!" అని పడీ పడీ నవ్వావట కన్నా. మీ అమ్మ చెప్పింది. సరిగ్గానే పట్టావు. పడమటి ఒడ్డు కింద భాగంలో ఆ ఉబ్బు నిజంగానే తప్పు. దాని కథ ఫోన్లో చెబితే మధ్యలో మీరు పారిపోతారని ఉత్తరం రాస్తున్నాను.

ఆ పటం ఉన్న పుస్తకాన్ని మీ బాబాయి వాళ్ల దగ్గరికి బెల్జియం వెళ్లినప్పుడు యాంట్వెర్ప్‌లో అద్దాల పెట్టెలో చూశాను. అబ్రహాం ఓర్టేలియస్ అనే ఆయన 1570 మే 20న ఆ ఊళ్లోనే వెలువరించాడు. పేరు లాటిన్‌లో 'థియాట్రమ్ ఆర్బిస్ టెరారమ్', అంటే భూలోకమనే రంగస్థలం. ఒకే కొలతలో, ఒకే తీరులో చెక్కించిన 53 పటాల కాగితాలతో కుట్టిన పుస్తకం. అప్పటిదాకా పటాలు కావాలంటే ఒక్కొక్కటీ విడిగా కొనుక్కోవాలి, ఒకటి బారెడు, ఇంకోటి జానెడు. అందుకే దీన్ని మొదటి ఆధునిక అట్లాసు అంటారు. ఆ 'అట్లాసు' అనే పేరు మాత్రం దీనిది కాదు. ఓర్టేలియస్ స్నేహితుడు, పటాలు చేసే మెర్కేటర్ తన పుస్తకానికి పెట్టుకున్న పేరది. పాపం, పూర్తి పుస్తకం 1595లో వచ్చేసరికి ఆయన లేడు.

మీకు తెలుసుగా, నేను తెనాలిలో ప్రెస్సులో కంపోజిటర్‌ని. సీసం అక్షరాలు తిరగేసి పేర్చి, తిరగేసే చదివేవాణ్ణి. మా పద్ధతిలో ఎత్తుగా ఉన్న అక్షరానికి సిరా అంటుతుంది. ఈ పటాల పద్ధతి దానికి పూర్తిగా తలకిందులు. నున్నటి రాగి రేకు మీద చెక్కేవాడు సన్నటి ఉలితో గాడి తీస్తాడు. ఊళ్ల పేర్లు, నదులు, కొండలు అన్నీ కుడి ఎడమలు మార్చి తీయాలి. మొదటి కూర్పులో చాలా పటాలు ఫ్రాన్స్ హోగెన్‌బర్గ్ అనే ఆయన చెక్కినవి. రేకంతా సిరా పులిమి, గుడ్డతో శుభ్రంగా తుడిచేస్తే పైన ఏమీ మిగలదు, గాళ్లలో మాత్రం ఉంటుంది. దాని మీద తడిపిన కాగితం పరిచి చెరుకు గానుగలా రెండు రోలర్ల మధ్య గట్టిగా నొక్కితే, కాగితం గాడిలోకి దిగి సిరాని పైకి లాగుతుంది. రేకు అంచు కూడా కాగితం మీద నొక్కుకుపోయి చుట్టూ పల్లపు గీత పడుతుంది. అసలు పాత పటమో కాదో చూడ్డానికి తెలిసినవాళ్లు ముందు వెతికేది ఆ గీతే.

పటం వెనక వైపు ఆ దేశం గురించిన రాత ఉంటుంది. అది మా బాపతు, పేర్చిన అక్షరాల అచ్చు. అంటే ఒకే కాగితం రెండు రకాల ప్రెస్సులెక్కి దిగాలి! ఎన్ని కాగితాలు పాడయి ఉంటాయో అని నాకు అక్కడే నిలబడి దిగులేసింది. విడిపోయిన పటం దొరికితే ఏ కూర్పులోదో చెప్పేది చాలాసార్లు ఈ వెనక వైపే. లాటిన్, డచ్, జర్మన్, ఫ్రెంచ్, స్పానిష్, ఇంగ్లిష్, ఇటాలియన్, ఏడు భాషల్లో వచ్చింది మరి.

బుజ్జీ, నువ్వడిగిన రంగులు చేత్తో వేసినవే. ఓర్టేలియస్ మొదట పటాలకి రంగులేసే పనివాడే. 1547లో, ఇరవయ్యేళ్లకి, ఆ వృత్తి సంఘంలో చేరాడు. నల్లబడిపోయిన ఆ ఆకుపచ్చ ఉంది చూశావూ, అది రాగి చిలుముతో చేసే రంగు. రాగి గిన్నెలో చింతపండు పులుసు ఉంచితే మీ నాయనమ్మ నా మీద అరుస్తుందే, అదే చిలుము. ఏళ్లు గడిచేకొద్దీ అది కాగితాన్ని తినేస్తుంది. కొన్ని పటాల్లో ఆకుపచ్చ గీత వెంబడే కాగితం చిట్లిపోయి ఉంటుంది.

ఇక బొజ్జ సంగతి. సూర్యుణ్ణో ధ్రువనక్షత్రాన్నో చూసి ఎంత ఉత్తరాన ఉన్నామో ఓడవాళ్లు లెక్కగట్టగలిగేవారు. ఎంత తూర్పున, ఎంత పడమర ఉన్నామో నడిసముద్రంలో తేల్చే సాధనం అప్పటికి లేదు. పైగా ఓర్టేలియస్ తన ప్రపంచ పటాన్ని మెర్కేటర్ 1569లో చేసిన పెద్ద పటం చూసి కుదించాడు. ఆ బొజ్జ అక్కడే ఉంది. పరీక్షలో పక్కవాడి పేపరు చూసి రాస్తే వాడి తప్పు కూడా మన పేపర్లోకి వస్తుందిగా!

కానీ ఈయన ఎవరిది చూసి రాశాడో దాచలేదు. పుస్తకం ముందు పటాలు గీసినవాళ్ల పేర్లన్నీ అచ్చేశాడు, మొదటి కూర్పులోనే 87. ఆ రోజుల్లో ఇది అరుదైన పని. ఇంతకన్నా మంచి పటం ఉంటే పంపమని చదివేవాళ్లని అడిగాడు కూడా. జనం పంపారు. కూర్పు కూర్పుకీ పుస్తకం లావెక్కింది, పేర్ల పట్టికా పెరిగింది. దక్షిణాన ఊహించి గీసిన పెద్ద ఖండం మీద 'ఇంకా తెలియని దక్షిణ భూమి' అనే అర్థమొచ్చే మాటే రాశాడు. నాకు ఆయన నచ్చింది అక్కడే.

మనవైపు సంగతీ చెప్పాలి. ఆ కాలపు యూరప్ పటాల్లో విజయనగర రాజ్యం 'నర్సింగ' అని కనిపిస్తుంది. సాళువ నరసింహరాయల పేరన్నమాట. ఆ రాజు 1491లోనే పోయాడు, పేరు మాత్రం పటాల్లో దశాబ్దాల పాటు రాజ్యమేలింది.

రాగి రేకులో చిన్న తప్పయితే వెనక నుంచి సుత్తితో కొట్టి, సొట్ట తీసినట్టు గాడిని పైకి లేపి, నునుపు చేసి మళ్లీ చెక్కేవారు. బొజ్జ అలా పోయేది కాదు. దానికి 1587 నాటి కొత్త రేకు కావలసి వచ్చింది, పదిహేడేళ్లు! నేను నవ్వలేను. ఒకసారి శుభలేఖలో 'తెల్లవారితే' అన్న మాట వదిలేసి ముహూర్తం ముందు రాత్రికి మార్చేశాను. ఐదొందల కార్డులూ చేత్తో దిద్దాం.

ఈ ఉత్తరం వెనక మీ ఇద్దరి పేర్లూ, మన ఊరి పేరూ తిరగేసి రాశాను. అద్దానికి చూపించి చదవండి. ఒక అక్షరం తప్పు ఉంది. నేను కావాలని చేసింది అదొక్కటే. ఇంకేమైనా కనిపిస్తే రాయండి.

మీ
తాతయ్య