చల్లని గదిలో నీలి బూజు: ఆపిల్ కుళ్ళు వెనక నూరేళ్ళ కథ

అక్టోబరులో గట్టిగా, నిగనిగలాడుతూ కోల్డ్ స్టోరేజీకి వెళ్ళిన ఆపిల్, మార్చిలో పెట్టె తెరిచేసరికి వేలు పెడితే దిగబడేంత మెత్తబడి ఉంటుంది. లేత గోధుమ రంగు మచ్చ, దాని మీద ముందు తెల్లగా వచ్చి తర్వాత నీలిపచ్చగా మారే బూజు, ముక్కిన వాసన. చెంచాతో గీరితే కుళ్ళిన భాగం మంచి గుజ్జు నుంచి తేలిగ్గా విడిపోయి వస్తుంది. ఇది పెనిసిలియం ఎక్స్‌పాన్సమ్ అనే శిలీంధ్రం పని. 1809లోనే లింక్ అనే జర్మన్ శాస్త్రవేత్త దీనికి పేరు పెట్టాడు. ఇంత పాత పరిచయం ఉన్నా ఈ బూజు నిల్వ ఆపిల్‌ను ఇంకా వదల్లేదు. పండు నిల్వకాలాన్ని పెంచిన ప్రతి ఉపాయమూ బూజుకూ గడువు పెంచుతూ వచ్చింది మరి.

నిల్వలో బయటపడే కుళ్ళన్నీ ఒకటే కావు. చేదు కుళ్ళు తోటలోనే మొదలవుతుంది. వేసవి వేడికి వాన తోడైతే కొల్లెటోట్రైకమ్ శిలీంధ్రం గాయం లేని తొక్కలోంచి కూడా దూరగలదు. గుండ్రంగా గుంటపడిన మచ్చ మీద లేత గులాబీ రంగు బీజాలు వలయాలుగా కనిపిస్తాయి. అడ్డంగా కోస్తే కుళ్ళు గరాటులా లోపలికి దిగి ఉంటుంది. చెట్టు మీదే ఎండి వేలాడే పాత కాయల్ని, చచ్చిన కొమ్మల్ని చలికాలంలో తీసేయకపోతే మరుసటి ఏడు బీజాలు అక్కణ్ణుంచే రాలతాయి. బూడిద రంగు బూజు కుళ్ళిన పండు నుంచి పక్క పండుకు పాకుతూ పెట్టెలో గుంపుగా పాడుచేస్తుంది. నీలి బూజు దారి వేరు. దానికి ముఖ్యంగా గాయం కావాలి: గోటి గీత, పక్క పండు తొడిమ పొడిచిన చిల్లు, పెట్టె మేకు గీరిన చోటు.

గాయం సంగతి అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసిన హెరాల్డ్ పావెల్ ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే తేల్చాడు. కోసిన ఆపిల్‌ను చల్లబరచడంలో ఆలస్యమైతే అది త్వరగా పాడవుతుందని 1903 నాటికే చూపించాడు. తర్వాత కాలిఫోర్నియా నారింజల్లో నీలి బూజుకు మూలం కోతలో, ప్యాకింగులో తగిలే దెబ్బలేనని రుజువు చేశాడు.

1920లలో కేంబ్రిడ్జిలో కిడ్, వెస్ట్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఇంకో దారి చూపారు. గదిలో ఆక్సిజన్ తగ్గించి, కార్బన్ డయాక్సైడ్ పెంచితే పండు శ్వాస నెమ్మదిస్తుంది. 1929లో ఇంగ్లండులోని కెంట్‌లో దీన్ని వ్యాపారానికి వాడారు. ఇలా గాలిని అదుపుచేసే గదుల్నే సీఏ (కంట్రోల్డ్ అట్మాస్ఫియర్) గదులంటారు. ఇవాళ్టి సీఏ గదుల్లో చాలా రకాలకు ఆక్సిజన్ 1–2 శాతం, వేడి 0 డిగ్రీల దగ్గర ఉంటుంది. పండు ఎనిమిది, పది నెలలు నిలుస్తుంది. అయితే పెనిసిలియం 0 డిగ్రీల దగ్గర కూడా పెరుగుతుంది, మెల్లగా. రెండు నెలల నిల్వలో బయటపడని కుళ్ళుకు ఎనిమిది నెలలు ఇచ్చినట్టయింది.

అసలు పొరపాటు ఆ తర్వాత జరిగింది. ఎక్కువ కాలం నిల్వ ఉన్న ఆపిల్ తొక్క కమిలినట్టు గోధుమ రంగుకు మారే స్కాల్డ్ అనే జబ్బుకు డైఫినైలమైన్ అనే మందు వచ్చింది. దాన్ని పట్టించడానికి పండ్ల బిన్లను గదిలోకి చేర్చే ముందు మందు నీళ్ళతో తడిపేవారు. కారిన నీళ్ళు తొట్టిలోకి చేరి, మళ్ళీ తర్వాతి బిన్ల మీద పడేవి. బిన్లకు అంటిన మట్టి, పాత కుళ్ళు, బీజాలు అన్నీ ఆ నీళ్ళలో కలిసి ప్రతి పండు గాయంలోకీ చేరేవి. దీనికి విరుగుడుగా థయాబెండజోల్ వంటి మందుల్ని అదే నీళ్ళలో కలిపారు. కొన్నేళ్ళు బాగా పనిచేశాయి. 1970లలోనే వాటికి లొంగని బూజు తయారైంది. ఈ మందులు శిలీంధ్రంలోని బీటా ట్యూబ్యులిన్ అనే ప్రోటీన్‌కు అతుక్కుని పనిచేస్తాయి. అందులో ఒక్క అమైనో ఆమ్లం మారితే చాలు, మందు దానికి అతుక్కోలేదు. అలా లొంగని రకాల్లో చాలావాటిని డైఫినైలమైన్ అణచి ఉంచడంతో జంట మందు న్యూయార్క్ ప్రాంతంలో 1990ల దాకా నెట్టుకొచ్చింది. తర్వాత రెండింటినీ తట్టుకునే రకాలు వచ్చాయి. 2004 తర్వాత ఫ్లూడయోక్సోనిల్, పైరిమెథనిల్ అనే కొత్త మందులు వాడకంలోకి వచ్చాయి. వాషింగ్టన్ రాష్ట్రంలో పైరిమెథనిల్‌కూ లొంగని బూజు కనబడింది. అందుకే ఏటా ఒకే మందు వాడకూడదు.

అమెరికాలో 2002 నుంచి 1-ఎంసీపీ అనే వాయువు వాడుతున్నారు. స్కాల్డ్‌ను చాలావరకు అదే ఆపుతుంది కాబట్టి పండును తడపక్కర్లేదు. తడపడం మానేసిన చోట్ల కుళ్ళు కూడా తగ్గింది. స్కాల్డ్‌ను ఆపాలనే తొందరలో బూజుకు దారి వేసింది మనమేనని ఇంతకన్నా స్పష్టమైన సాక్ష్యం ఏం కావాలి?

ప్యాకింగ్ కేంద్రంలో పండ్లు గుమ్మరించే నీటి తొట్టిలోనూ ఇదే ప్రమాదం ఉంది. ఆ నీళ్ళలో బీజాల్ని చంపడానికి స్వేచ్ఛా క్లోరిన్ (ఇంకా ఖర్చవని క్లోరిన్) 50–100 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళకు 50–100 పాళ్ళు, పీహెచ్ 6.5–7.5 మధ్య ఉండాలి. పీహెచ్ 8 దాటితే క్లోరిన్ బలం పడిపోతుంది. మట్టి, ఆకులు చేరితే అది వాటి మీదే ఖర్చయిపోతుంది. పొద్దున పోశాం కదా అని వదిలేయకుండా రోజులో పలుమార్లు కొలవాలి, నీళ్ళు మురికైతే మార్చాలి. తొట్టి లోతు ఎక్కువైతే నీటి ఒత్తిడికి పండు అడుగు గుంటలోంచి బీజాలు లోపలికే పోతాయి. ఖాళీ బిన్లను ఆవిరితోనో వేడి నీళ్ళతోనో కడగాలి.

మన దేశంలో గత రెండు దశాబ్దాల్లో హిమాచల్, కశ్మీర్‌లలో సీఏ గదులు పెరిగాయి. హైదరాబాద్‌లో వేసవిలో దొరికే కశ్మీర్ ఆపిల్ అలాంటి గదుల్లోంచి వచ్చేదే. హిమాచల్‌లో మూతను పైకి జరిపి ఎత్తు పెంచుకునే టెలిస్కోపిక్ అట్టపెట్టెల్లో 30 కిలోల దాకా కుక్కేవారు. కింది వరుస పండ్లు నలిగేవి. 2024 నుంచి అక్కడ 20 కిలోల యూనివర్సల్ కార్టన్ (ఎత్తు పెంచడం కుదరని, ఒకే కొలత అట్టపెట్టె) తప్పనిసరి చేశారు. ధర గొడవతో వచ్చిన నిర్ణయమైనా కుళ్ళుకూ ఇది మందే.

తినేవాళ్ళకూ ఒక సంగతి. ఈ బూజు పాట్యులిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. 1940లలో బ్రిటన్‌లో దాన్నే జలుబు మందుగా పరీక్షించి, పనిచేయదని తేల్చారు. రసాన్ని వేడిచేసినా అది పూర్తిగా పోదు. అందుకే ఆపిల్ రసంలో కిలోకు 50 మైక్రోగ్రాములు మించరాదని అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ పరిమితి పెట్టింది. రసం తీసేటప్పుడు కుళ్ళిన ముక్క కోసేసి మిగతాది వేయడం కాదు, ఆ పండునే పక్కన పెట్టాలి.