అన్నయ్యకు ఒప్పుకున్నారుగా!

పిల్లలూ,

"పుస్తకంలో లేని తగాదా వస్తే జడ్జిగారు ఏం చేస్తారు తాతయ్యా?" అని మీలో ఒకరు రాశారు.

మీ ఇంట్లో చేసేదే చేస్తారు. తొమ్మిదింటికే పడుకోమని అమ్మ అంటుంది. "ఇదే వయసులో అన్నయ్యకు పదింటిదాకా ఒప్పుకున్నారుగా!" అంటారు మీరు. ఆ మాట అన్నారంటే సగం లాయరు అయినట్టే. ఇలాంటి విషయంలో ముందొక తీర్పు వచ్చింది, నాకూ అదే ఇవ్వండి అనడమే కామన్ లా పద్ధతి. ఒకరికో న్యాయం, ఇంకొకరికో న్యాయం ఉండకూడదు కదా.

ఇది ఇంగ్లాండులో మొదలైంది. పన్నెండో శతాబ్దంలో రెండో హెన్రీ రాజు జడ్జీలను ప్రాంతాలన్నిటికీ తిప్పాడు. ఒక్కోచోట ఒక్కో ఆచారం ఉండేది. రాజుగారి జడ్జీల తీర్పులు మెల్లగా దేశమంతటికీ ఉమ్మడి చట్టమయ్యాయి. కామన్ అంటే ఆ ఉమ్మడే.

అమ్మ చెప్పింది అక్క మార్చలేదు. పై కోర్టు మాట కింది కోర్టు దాటలేదు. ఇక పెద్దలంతా కూర్చుని, "పదేళ్లు నిండితే పదింటికి పడుకోవాలి" అని రాసి గోడకు అంటించారనుకోండి. అది పార్లమెంటు చేసే చట్టం. దాని ముందు పాత తీర్పు నిలవదు. అయినా తగాదా ఆగదు! పడుకోవడమంటే లైటు ఆర్పడమా, నిద్రపోవడమా? ఎవరో తేల్చాలి. తేల్చినది మళ్లీ ఒక తీర్పు, రేపు తమ్ముడికీ వర్తిస్తుంది.

నా చిన్నప్పుడు మా అన్నయ్య అడిగి తెచ్చిన పుస్తకం పోగొడితే, వెళ్లి నువ్వే చెప్పుకోవాలన్నారు నాన్న. తర్వాత నేను అడిగి తెచ్చిన గొడుగు పోయింది. నన్ను మాత్రం వెళ్లి చెప్పుకోమనలేదు. "నాకేమో అలా, వీడికేమో ఇలానా?" అన్నాడు అన్నయ్య. "నువ్వు మరిచిపోయి పోగొట్టావు. వాడి చేతిలోంచి గాలి లాక్కుపోయింది" అన్నారు నాన్న. పాత తీర్పు ఎక్కడ వర్తించదో చూడటం కూడా జడ్జి పనే అని నాకు చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది.

ఒక వింత చెబుతాను. 1928లో స్కాట్లాండులోని పెయిస్లీలో ఒకావిడకు స్నేహితురాలు అల్లం పానీయం కొనిపెట్టింది. సీసాలో కుళ్లిన నత్త వచ్చిందని ఆవిడ కేసు వేసింది. కొన్నది తను కాదు, మరి తయారుచేసినవాడికి తనతో ఏం సంబంధం? 1932లో లండన్‌లోని హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో, అంటే అప్పటి పై కోర్టులో, ఐదుగురు జడ్జీల్లో ముగ్గురు ఆవిడ వైపు నిలిచారు. నీ అజాగ్రత్త ఎవరికి దెబ్బ తగిలిస్తుందో ముందే ఊహించగలిగితే, వాళ్లందరూ నీ పొరుగువాళ్లే, వాళ్ల విషయంలో జాగ్రత్తగా ఉండాలి అన్నారు ఆ ముగ్గురిలో ఒకరైన లార్డ్ అట్కిన్. ఇప్పటికీ ఎన్నో దేశాల్లో లాయర్లు ఆ తీర్పు చూపిస్తారు. సీసాలో నత్త నిజంగా ఉందో లేదో మాత్రం కోర్టులో ఎప్పుడూ తేలలేదు! తలుచుకున్నప్పుడల్లా నాకు ఆశ్చర్యమే.

సెలవుల్లో పెద్దవాళ్లతో ఒక కోర్టుకు వెళ్లి వెనక కూర్చోండి. లాయరుగారు ఏదో పాత కేసు పేరు చెబుతారు. అప్పుడు జడ్జిగారి ముఖం చూడండి.

మీ తాతయ్య