అన్నన్ని చిన్న టెలిస్కోపులెందుకు?

శ్రీకాకుళం,
సంక్రాంతి వెళ్లిన వారం

చిరంజీవులు బుజ్జికి, చిన్నాకి తాతయ్య ఆశీస్సులు.

పండక్కి వచ్చినప్పుడు మేడ మీద మీరడిగినదానికి తీరిగ్గా రాస్తున్నాను. "ఒక్క పెద్ద టెలిస్కోపు కట్టేస్తే పోయేదానికి, చిన్నవి ఎడమెడంగా ఎందుకు పెడతారు తాతా?" అని కదా.

ఆరుద్ర నక్షత్రాన్నే తీసుకోండి. ఈ రోజుల్లో చీకటి పడగానే తూర్పున ఎర్రగా మెరుస్తోందే, అదే. (ఆరుద్ర కార్తెలో మాత్రం వెతక్కండి. అప్పుడు సూర్యుడు ఆ చుట్టుపక్కలే ఉంటాడు, కనబడదు.) వెడల్పులో సూర్యుడికి వందల రెట్లు. అయినా అదెంత దూరాన ఉందంటే, విశాఖపట్నంలో ఎవరో రూపాయి బిళ్ల పట్టుకుని నిలబడితే దాన్ని మనం శ్రీకాకుళం నుంచి చూసినట్టు. అద్దం ఎంత వెడల్పుగా ఉంటే అంత సన్నని వివరం తెలుస్తుంది. అలాగని గాజును ఎంతకని పెంచుతాం?

అసలు కిటుకు అద్దం ఈ చివరికీ ఆ చివరికీ ఉన్న దూరంలో ఉంది. మధ్యలో గాజు లేకపోయినా పని జరుగుతుంది. 1920లో అమెరికాలో మౌంట్ విల్సన్ కొండ మీద మైకెల్సన్, పీజ్ అనే శాస్త్రవేత్తలు ఇదే చేశారు. 100 అంగుళాల టెలిస్కోపు నెత్తిన 20 అడుగుల దూలం అడ్డంగా బిగించి, దాని మీద జరిపే అద్దాలు పెట్టి, రెండు పక్కల వెలుగునూ ఒకచోట కలిపారు. వెలుగు అలలుగా వస్తుంది గనక, ఎత్తు మీద ఎత్తు పడ్డచోట కాంతి, ఎత్తు మీద పల్లం పడ్డచోట చీకటి. నలుపు తెలుపు చారలన్నమాట. అద్దాలను ఎడంగా జరుపుతూ పోతే ఒకచోట ఆరుద్ర చారలు మాయమయ్యాయి. ఆ ఎడాన్ని బట్టి నక్షత్రం వెడల్పు లెక్కకట్టారు. సూర్యుణ్ణి పక్కన పెడితే, ఒక నక్షత్రం వెడల్పును కొలవడం అదే మొదలు.

ఇప్పుడు దూలం పోయి విడి టెలిస్కోపులొచ్చాయి. అదే కొండ మీద 'చారా' అనే టెలిస్కోపుల గుంపులో మీటరు అద్దాలవి 6 ఉన్నాయి, బాగా ఎడమైన రెండింటికి మధ్య 331 మీటర్లు. చిలీలో పారనాల్ కొండ మీద 8.2 మీటర్లవి 4.

నన్నడిగితే ఆ అద్దాలకన్నా గొప్పవి పట్టాల మీద నడిచే ట్రాలీలు. నక్షత్రం వెలుగు ఒక టెలిస్కోపుకి ముందు, ఇంకోదానికి వెనక చేరుతుంది. ముందొచ్చినదాన్ని కాస్త చుట్టు తిప్పి ఆలస్యం చేయాలి. పైగా భూమి తిరుగుతూ ఉంటుంది కాబట్టి ఆ తేడా మారిపోతూ ఉంటుంది. అందుకని ట్రాలీ మీది అద్దం రాత్రంతా జరుగుతూనే ఉండాలి. వెలుగు అల పొడవు మిల్లీమీటరులో దాదాపు రెండువేలో వంతు. ట్రాలీ అంతమాత్రం వణికినా చారలు చెరిగిపోతాయి. రేడియో టెలిస్కోపుల వాళ్లు సంకేతాన్ని రికార్డు చేసుకుని తీరుబడిగా కలుపుకోవచ్చు. వీళ్లకి ఆ వీలు లేదు, వెలుగు అందిన క్షణంలోనే కలిపేయాలి.

ఒక్కో జత ఒక్కో ముక్క వివరమే ఇస్తుంది. 6 టెలిస్కోపులకి 15 జతలు (బుజ్జీ, వేసి చూడు). భూమి తిరిగేకొద్దీ జతల దిశ మారి కొత్త ముక్కలు దొరుకుతాయి. వాటన్నిటినీ చేర్చి కంప్యూటరు బొమ్మ కడుతుంది. 2007లో చారాలో నాలుగింటిని కలిపి శ్రవణ నక్షత్రాన్ని అలాగే తీశారు. చూస్తే అది గుండ్రంగా లేదు! గిర్రున తిరగడంవల్ల నడుం దగ్గర ఉబ్బి ఉంది, అక్కడే మసకగానూ ఉంది.

చిన్నా, నీ మాటా తీసిపారేసేది కాదు. 331 మీటర్ల ఎడం ఉన్నంతమాత్రాన 331 మీటర్ల అద్దమంత వెలుగు రాదు. పట్టేది ఆ చిన్న అద్దాలు పట్టినంతే. మరీ మసకగా ఉండే దూరపు గెలాక్సీలకి నువ్వన్న ఆ ఒక్క పెద్ద టెలిస్కోపే కావాలి.

మీ
తాతయ్య