ఇష్గల్ రాత్రులు: మంచు వాలు తయారయ్యే వేళ

ఆస్ట్రియాలోని టిరోల్ రాష్ట్రంలో, పాట్స్‌నౌన్ లోయలో, సముద్రమట్టానికి సుమారు 1,377 మీటర్ల ఎత్తున ఉన్న ఇష్గల్ దాదాపు 1,600 మంది నివసించే చిన్న ఊరు. చలికాలం వచ్చిందంటే ఐరోపా నలుమూలల నుంచి వచ్చేవారితో కిటకిటలాడుతుంది. పగలంతా 2,872 మీటర్ల ఎత్తుదాకా ఎక్కి, సరిహద్దు దాటి స్విట్జర్లాండ్‌లోని సామ్నౌన్ వరకు స్కీలు (కాళ్లకు కట్టుకునే పొడవాటి పలకలు) కట్టుకుని మంచుపై జారుతూ వెళ్లి రావడం, సాయంత్రం కాగానే స్కీ బూట్లైనా విప్పకుండా బార్లలో చేరి చిందులేయడం ఇక్కడి దినచర్య. ఆప్రే-స్కీ అని పిలిచే ఆ సందడికి ఇష్గల్ పెట్టింది పేరు. అయితే ఈ ఊళ్లో నిజంగా ఆసక్తికరమైన రాత్రి వ్యవహారం కొండమీద జరుగుతుందని నేను అంటాను. పొద్దున జనం జారే వాలులో చాలా భాగం ముందురోజు రాత్రి తయారైనదే.

సీజన్ మొదట్లో ఆకాశం నుంచి పడే మంచును నమ్ముకుని ఏ స్కీ కేంద్రానికీ తెరిచే తేదీలు ప్రకటించే వీలుండదు. అందుకే వాలుల పక్కన మంచు యంత్రాలు నిలబెడతారు. అవి నీటిని అతి సన్నని తుంపరగా గాలిలోకి చిమ్ముతాయి. తుంపర నేలను చేరేలోపు గడ్డకట్టాలంటే ప్రతి గ్రాము నీటి నుంచీ సుమారు 334 జౌళ్ల గుప్తోష్ణం (గడ్డకట్టేటప్పుడు నీరు వదిలే వేడి) బయటికి పోవాలి. చుట్టూ ఉన్న చలిగాలి అందులో కొంత లాగేసుకుంటే, మిగతా పని బాష్పీభవనం చేస్తుంది. వేసవిలో మట్టికుండలో నీళ్లు చల్లబడేది కూడా ఈ సూత్రంతోనే. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి దాదాపు 2,500 జౌళ్లు కావాలి కాబట్టి, చుక్కలో ఎనిమిదో వంతు ఆవిరైతే చాలు, మిగిలినదంతా గడ్డకట్టడానికి లెక్క సరిపోతుంది.

గాలి ఎంత చల్లగా ఉందన్నదానితోపాటు ఎంత పొడిగా ఉందన్నదీ ముఖ్యం కావడానికి కారణం ఇదే. రెండింటినీ కలిపి చెప్పే కొలతను తడి బల్బు ఉష్ణోగ్రత అంటారు. అది సుమారు మైనస్ 2 డిగ్రీలకు దిగితేనే యంత్రాలు పనికొస్తాయి. గాలి బాగా పొడిగా ఉంటే థర్మామీటరు 1 డిగ్రీ చూపిస్తున్నా మంచు తయారవుతుంది. తేమ నిండిన గాలిలో మైనస్ 1 డిగ్రీ ఉన్నా కాదు. ఆ పరిస్థితులు ఎక్కువగా కుదిరేది రాత్రిపూటే. నవంబరు, డిసెంబరు నెలల్లో అలాంటి గంటలు ఎన్ని దొరుకుతాయన్నదే వెచ్చబడుతున్న ఆల్ప్స్‌లో స్కీ కేంద్రాల అసలు బెంగ. యంత్రపు మంచులో ఆరు కోణాల అందమైన స్ఫటికాలు ఉండవు, చిన్న గుండ్రని గింజలే ఉంటాయి. అప్పుడే రాలిన మంచు ఘనపు మీటరుకు సుమారు 100 కిలోలు తూగితే, ఇది 400 నుంచి 500 కిలోల దాకా తూగుతుంది, కనుక వాలుకు గట్టి పునాది అవుతుంది.

చీకటి పడగానే చదును చేసే బండ్లు బయలుదేరతాయి. పగలు జనం గుట్టలుగా తోసిన మంచును అవి వెనక్కి లాగి, చిదిపి, సన్నని గీతలు పడేలా అదుముతూ పోతాయి. అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది: చిదిపిన గింజలు ఒకదానికొకటి తగిలే చోట మెడల్లాంటి సన్నని మంచు అతుకులు పెరిగి, గంటలు గడిచేకొద్దీ వాలు గట్టిపడుతుంది. ఆకాశం నిర్మలంగా ఉంటే మంచు పరారుణ కిరణాల రూపంలో వేడిని వదిలేసి చుట్టూ ఉన్న గాలికంటే చల్లబడుతుంది, అదీ కలిసొస్తుంది. నిటారు వాలుల్లో బండి జారిపోకుండా పైన ఒక ఉక్కు తాడుతో కడతారు. దాదాపు కిలోమీటరు పొడవుండే ఆ తాడు వేలెడు మందం కూడా ఉండదు. ఒకసారి మంచులో కూరుకుపోయి, మరుక్షణం బిగుసుకుని పైకి లేస్తుంది. తాగి ఆలస్యంగా దిగేవారికి చీకట్లో అది కనిపించదు. మూసిన వాలుల్లోకి వెళ్లవద్దన్న హెచ్చరికను అందుకే తేలిగ్గా తీసుకోకూడదు.

స్కీ జారడానికి బరువు ఒత్తిడితో మంచు కరగడమే కారణమని చాలాకాలం నమ్మారు. కానీ మంచు కరిగే ఉష్ణోగ్రతను ఒక్క డిగ్రీ తగ్గించాలంటే మామూలు గాలి పీడనానికి దాదాపు 135 రెట్ల పీడనం కావాలి. మనిషి బరువు అందుకు ఏమాత్రం చాలదు. 1939లో బౌడెన్, హ్యూస్ అనే శాస్త్రవేత్తలు స్విట్జర్లాండ్‌లోని యుంగ్‌ఫ్రౌయోహ్ వద్ద చేసిన ప్రయోగాల ఆధారంగా, ఘర్షణ పుట్టించే వేడే పలుచని నీటి పొరను సృష్టిస్తుందని వాదించారు. చలి మరీ ముదిరితే ఆ పొర సరిగా ఏర్పడక మంచు ఇసుకలా పట్టేస్తుంది.

ఇక ఊళ్లోని రాత్రి సంగతి. మద్యం చర్మంలోని రక్తనాళాలను వెడల్పు చేయడంతో తాగినవారికి వెచ్చగా అనిపిస్తుంది, లోపలి వేడి మాత్రం బయటికి పోతూనే ఉంటుంది. కిక్కిరిసిన గదిలో గొంతెత్తి పాడటం వైరస్‌కు ఎంత అనువో 2020 మార్చిలో తెలిసింది. 5వ తేదీన ఐస్‌లాండ్ ఇష్గల్‌ను ప్రమాద ప్రాంతంగా ప్రకటించింది. 13న లోయను మూసేశారు. అప్పటికే ఎందరో పర్యాటకులు కరోనాను వెంటబెట్టుకుని సొంత దేశాలకు చేరుకున్నారు. ఏప్రిల్‌లో ఇన్స్‌బ్రుక్ వైద్య విశ్వవిద్యాలయం ఊరివాసులను పరీక్షించగా 42.4 శాతం మందిలో యాంటీబాడీలు కనిపించాయి. వారిలో అంతకుముందు వ్యాధి నిర్ధారణ అయినవారు 15 శాతమే.